నూరు నుంచి వెనక్కి

ఒక మెడికల్ కాలేజీ సగం నా వీపు మీదే చదువుకుంది. ఎగతాళికి అనడం లేదు, నిజంగానే. కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్ నుంచి తూర్పుకి కొండలు దాటాక వచ్చే బాదం తోటల మధ్య ఉన్న ఒక ఆస్టియోపతీ వైద్య కళాశాలలో నేను చాలా ఏళ్ళు పనిచేశాను. మిగతా వైద్య విద్యార్థులు చదివేదంతా అక్కడి పిల్లలూ చదువుతారు. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు. దానికి తోడు ఎముకల్నీ కండరాల్నీ చేతులతో పరీక్షించి, చేతులతోనే సరిచేసే విద్య ఒకటి అదనంగా నేర్చుకుంటారు. ఆ విద్య పుస్తకంలో దొరకదు, దానికి మనిషి కావాలి. అందుకని క్లాసులో ఒకరి వీపు మీద ఒకరు నేర్చుకుంటారు. ఏం లాభం? అందరూ పాతికేళ్ళవాళ్ళే, నొప్పన్న మాట ఎరగని వీపులే. కాస్త అరిగిపోయిన వీపు కావలసి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నా గది తలుపు తట్టేవారు. "ఫైవ్ మినిట్స్ ఉందా?" అని దీనంగా మొహం పెట్టేవారు. నేను కాఫీ కప్పు పక్కన పెట్టి వెళ్ళి బల్ల మీద బోర్లా పడుకునేదాన్ని.

నా అసలు ఉద్యోగం వీపు అద్దెకివ్వడం కాదులెండి. గుంటూరులో ఫిజియోథెరపీ చదివి ఈ దేశం వచ్చాను. ఇక్కడి లైసెన్సు పరీక్షల చుట్టూ తిరిగే ఓపిక లేక రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా చేరాను. పేరు ఘనంగానే ఉంటుంది గాని, చేసేది పెళ్ళివారింట్లో పెత్తనం. పేషెంట్లని పోగెయ్యాలి, వాళ్ళకి అన్నీ వివరంగా చెప్పి సంతకాలు తీసుకోవాలి, ఎవరు ఏ గదిలోకి వెళ్ళాలో చూడాలి, డాక్టర్లు రాసుకున్న పద్ధతిని డాక్టర్లే తప్పకుండా కాపలా కాయాలి. చివరిది అన్నిటికన్నా కష్టం.

మీలో రీసెర్చ్‌లోకి కొత్తగా దిగుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మంచి ఫలితం వచ్చిన స్టడీల గురించి మీకు అందరూ చెబుతారు. నేను చెప్పబోయేది బోర్లా పడ్డ స్టడీ గురించి.

అప్పుడు మా విభాగానికి పెద్ద ఒక ముసలి ప్రొఫెసర్. అయోవాలో పొలం పని చేసుకునే ఇంట్లో పుట్టినవాడు. ఆరడుగుల పైన ఎత్తు, చేటలంత చేతులు. చిన్నప్పుడు గడ్డిమోపులు ఎత్తీ ఎత్తీ ఆయన నడుమే పాడైంది. కూర్చుని లేవాలంటే మొహం చిట్లించకుండా లేచేవాడు కాదు. ఎవరైనా చూస్తే మాత్రం "షూ లేసు చూసుకుంటున్నాను" అనేవాడు. ఆయన పాఠం మొదటి రోజు మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "చెయ్యి తేలిగ్గా వెయ్యండి. తొయ్యకండి, లాక్కండి. శరీరం తనంతట తను వదిలేదాకా కాచుకోండి." ఏటేటా విని నాకు కంఠతా వచ్చేసింది.

రిటైరయ్యేలోపు ఆయనకి ఒక కోరిక ఉండేది. నడుం నొప్పికి తమ చేతి వైద్యం పనిచేస్తుందని, అనుమానానికి తావు లేకుండా నిరూపించాలి. మిగతా వైద్యులు తమని చూసి మూతి ముడవడం జీవితమంతా భరించాడు మరి. మన ఫ్రీమాంట్, శాంటా క్లారా తెలుగువాళ్ళ పార్టీల్లో మాత్రం తక్కువా? మా కాలేజీ ఇచ్చే పట్టా పేరు డీవో. "మీ అమ్మాయి డీవో చదువుతోందా? అంటే ఎముకల డాక్టరా? ఎండీ సీటు రాలేదా పాపం?" అని సానుభూతి చూపిస్తారు. చదువు అదే, పరీక్షలు అవే, పని అదేనని ఎన్నిసార్లు చెప్పినా, సాంబారు వడ్డించుకుంటూ మళ్ళీ అదే ప్రశ్న.

స్టడీ ఇలా వేశాడాయన. నడుం నొప్పి ఉన్నవాళ్ళని రెండు వాటాలుగా చీట్లు తీసి పంచాలి. మొదటి గదిలో అనుభవం ఉన్న డాక్టర్లు అసలు వైద్యం చేస్తారు. రెండో గదిలో విద్యార్థులు ఉత్తుత్తి వైద్యం చేస్తారు. అంటే అంతసేపూ వీపు మీద చేతులు వేసి ఉంచుతారు, కాని ఏమీ చెయ్యరు. ఎవరికి ఏది దక్కిందో పేషెంటుకి తెలియదు. మందుల స్టడీల్లో పంచదార బిళ్ళ ఇస్తారే, అలాంటిదన్నమాట. చేతికి పంచదార బిళ్ళ చెయ్యడం ఎలా? ఆయన చాలా ఆలోచించి రాశాడు. చెయ్యి తేలిగ్గా వెయ్యాలి. తొయ్యకూడదు, లాక్కూడదు, మాట్లాడకూడదు. విద్యార్థి మనసు పేషెంటు మీదకి పోకుండా, లోలోపల నూరు నుంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టుకోవాలి. అందరం చదివాం, అందరం బాగుందన్నాం. నేనూ తల ఊపాను. ఆ గదికి నేను "ఉత్త చేతుల గది" అని పేరు పెట్టాను.

ఆ గదికి ఆయన ఏరి కోరి తెచ్చిన విద్యార్థుల్లో ఒకమ్మాయి మన తెలుగు పిల్ల. ఫ్రీమాంట్‌లో పుట్టి పెరిగింది. అమ్మా నాన్నా ఇద్దరూ ఇంజనీర్లు. రెండో సంవత్సరం. పుస్తకం పరీక్షల్లో ముందు వరుస, చేతి పరీక్షలో మాత్రం తప్పింది. ఆ పరీక్షలో తోటి విద్యార్థి వీపు మీద విద్యార్థి చెయ్యి, ఆ చెయ్యి మీద ప్రొఫెసర్ చెయ్యి. కింద ఏం జరుగుతోందో ఆయనకి తెలిసిపోతుంది. ఆ రోజు కాసేపు చూసి, అందరి ముందూ అనేశాడు: "నీ చెయ్యి కింద ఏమీ జరగడం లేదమ్మా." మళ్ళీ పరీక్షకి ఒక్క అవకాశం ఇచ్చారు. అదీ తప్పినా, ఈలోగా ఆమె మీద ఏ ఫిర్యాదు వచ్చినా, కాలేజీ నుంచి బయటికే.

"ఈ పిల్లనే ఎందుకు తీసుకున్నారు?" అని నేను అడిగితే, ఆయన చాలా మామూలుగా చెప్పాడు: "ఉత్తుత్తి వైద్యానికి ఆ చేతికి మించిన చెయ్యి దొరకదు. పొరపాటున కూడా ఎవరికీ మేలు చెయ్యదు."

నాకు ఒళ్ళు మండింది. ఆయన దుర్మార్గుడు కాడు, ఎండలో ఎండిన మనిషి మాటలకి మెత్తదనం తెలియదు, అంతే. ఆ పిల్ల మాత్రం ఎగిరి గంతేసింది. ఏదో ఒక రీసెర్చ్‌లో పేరు ఉంటే తర్వాత రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో శిక్షణ సీటు, దొరకడం కాస్త సులువు.

శిక్షణ మొదలైన వారంలోనే నా గదికి వచ్చింది. "ఆంటీ, చిన్న ప్రాబ్లెం. ఇంగ్లీష్‌లో కౌంట్ చేస్తుంటే అది ఆటోమేటిక్‌గా వచ్చేస్తోంది. మైండ్ మళ్ళీ పేషెంట్ దగ్గరికే వెళ్ళిపోతోంది. సో నేను తెలుగులో చేద్దామనుకుంటున్నా."

"తెలుగులో నీకు నూరు దాకా వచ్చా?"

"అమ్మమ్మ నేర్పింది. ముందుకి వచ్చు. వెనక్కి చాలా హార్డ్ ఆంటీ. ఫుల్ బ్రెయిన్ దాని మీదే పెట్టాలి. అదే కదా వాళ్ళకి కావాల్సింది?"

"ఏదీ, చెప్పు చూద్దాం."

నా బల్ల ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. "నూరు... తొంభై మూడు... ఎనభై ఆరు... డెబ్బై తొమ్మిది..." అని ఆగిపోయింది. ఒక కన్ను తెరిచి నావంక చూసింది. "ఎప్పుడూ ఇక్కడే స్టక్ అవుతాను."

"డెబ్బై రెండు."

"థాంక్యూ ఆంటీ. డెబ్బై రెండు, డెబ్బై రెండు" అనుకుంటూ వెళ్ళిపోయింది. మర్నాడు కారిడార్లో ఎదురైతే డెబ్బై తొమ్మిది దగ్గరే నిలబడి ఉంది. డెబ్బై రెండుతో ఆ పిల్లకి ఏం వైరమో నాకెప్పుడూ అర్థం కాలేదు.

స్టడీ నడిచింది. లారీ డ్రైవర్లు వచ్చారు. బాదం పప్పు ఏరే ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసే ఆడవాళ్ళు వచ్చారు. ఉచితం అని వినగానే గుళ్ళో పరిచయమైన మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు కొందరు అంత దూరం డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు. మనవాళ్ళతో చచ్చే చావు. ప్రతివాడూ నా చెవి దగ్గరికి వంగి, "ఆంటీ, మనలో మన మాట, నాకు పడింది ఒరిజినలా, డూప్లికేటా?" అని అడిగేవాడు. "చెబితే నా ఉద్యోగం పోతుంది నాయనా" అంటే, "అంటే డూప్లికేటే" అని తేల్చేసుకునేవాడు. నాలుగోసారి వచ్చేసరికి అదే కుర్రాడు, "డూప్లికేట్ అయితే అయింది గాని ఆంటీ, బానే ఉంది. స్టాండప్ మీటింగ్‌లో నిజంగా స్టాండ్ అవుతున్నా" అన్నాడు. వాడు వచ్చేది ఉత్త చేతుల గదిలోంచి. చేతులు వేసేది ఆ పిల్ల.

ఆ గదిలో అందరూ పద్ధతి ప్రకారం చేస్తున్నారా లేదా అని మధ్య మధ్య వెళ్ళి చూడటం నా పని. మూల కుర్చీలో కూర్చునేదాన్ని. ఆ పిల్ల వీపు మీద చేతులు వేసేది, అంతే. ఒక్క మాట లేదు. పెదవులు మాత్రం కొంచెం కొంచెం కదిలేవి. మధ్యలో ఒకచోట ఆగిపోయి నుదురు ముడిచేది. డెబ్బై తొమ్మిది వచ్చిందని నాకు తెలిసిపోయేది. కాసేపటికి పేషెంటు ఊపిరి బరువుగా, నిదానంగా వచ్చేది. నాకూ కునుకు పట్టినంత పనయ్యేది.

పేషెంట్లందరి వంతూ అయ్యాక లెక్కలు వేసే ఆయనకి పంపాం. ఆయన వరంగల్ మనిషి, న్యూజెర్సీ పార్సిప్పనీలో ఇంట్లో కూర్చుని పనిచేస్తాడు. మాకు వీడియోలో మెడ దాకానే తెలుసు. ఒక ఉదయం నాకు ఫోన్ చేశాడు.

"మేడం, ప్రొఫెసర్ సార్‌కి ఎట్ల చెప్పాల్నో సమజైతలేదు. డిఫరెన్స్ ఏం లేదు."

"ఏం లేదంటే?"

"రెండు గ్రూపులల్ల నొప్పి తగ్గింది. సమానంగ తగ్గింది. మళ్ళ మళ్ళ రన్ చేసిన. ఇంకోటి మేడం, ఎవరు చేసిన్రో విడగొట్టి చూస్తే, అందరికన్న ఎక్కువ తగ్గింది ఆ సెకండ్ ఇయర్ అమ్మాయి పేషెంట్లకే. రియల్ డాక్టర్ల కన్న ఎక్కువ. అట్లెట్లయితది?"

"హస్తవాసి బాబూ" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది.

"మేడం, హస్తవాసికి నా దగ్గర కాలమ్ లేదు" అన్నాడు.

ప్రొఫెసర్ ఆ ఫలితం చూసినప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. కేకలెయ్యలేదు. కిటికీలోంచి పార్కింగ్ కేసి చూస్తూ అన్నాడు: "ఆ అమ్మాయి వైద్యం చేసింది. మళ్ళీ పరీక్ష ఉందిగా, నా పేషెంట్ల మీద దొంగతనంగా ప్రాక్టీస్ చేసింది." ఆయన అన్నదాంట్లో తర్కం ఉంది, అందుకే నాకు భయం వేసింది. గదిలో ఉత్త చేతులు ఉత్తగా లేకపోతేనే లెక్క అలా వస్తుంది. వినడానికి ఎంత సబబుగా ఉందో, ఆ పిల్లకి అంత ఉరితాడు.

మాట అసోసియేట్ డీన్ దాకా వెళ్ళింది. ఆవిడ కచ్చితమైన మనిషి, చెడ్డ మనిషి కాదు. రీసెర్చ్ పద్ధతి తప్పితే అది ఫిర్యాదు కిందికే వస్తుంది, కమిటీ కూర్చోవాలి అంది. ఫిర్యాదు నిలబడితే ఏమవుతుందో ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ సాయంత్రం పార్కింగ్‌లో కారు బానెట్‌కి ఆనుకుని నిలబడి ఉంది ఆ పిల్ల. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"ఆంటీ, నేను ఏం చెయ్యలేదు. లిటరల్లీ ఏం చెయ్యలేదు. ఏం చెయ్యలేదని ప్రూవ్ ఎలా చేస్తారు?"

"మీ అమ్మా వాళ్ళకి చెప్పావా?"

"ఎలా చెప్పను? అమ్మ ఇప్పటికే పార్టీల్లో మెడికల్ స్కూల్ అని మాత్రమే చెప్తుంది, ఏ స్కూలో చెప్పదు. ఇప్పుడు అది కూడా లేదని చెప్పాలా?" అంది. తర్వాత చేతులు రెండూ చాచి, ఎవరివో అన్నట్టు చూసుకుంది. "ఎగ్జామ్‌లో ఇవి యూజ్‌లెస్. ఇప్పుడు ఇవి క్రిమినల్."

భుజం తట్టి, "ఇప్పుడన్న ఈ రెండు మాటలూ కమిటీ ముందు కూడా అను" అన్నాను.

కమిటీ రోజు వచ్చింది. డీనమ్మ, మరో ఇద్దరు ప్రొఫెసర్లు, ఒక పక్కగా మా ముసలాయన. ఎదురుగా ఆ పిల్ల, ఇస్త్రీ చేసిన తెల్ల కోటులో. ముందు నన్ను అడిగారు. మీరు ఆ గదిలో కూర్చుని చూశారు కదా, పద్ధతి తప్పిందా?

"తప్పలేదు" అన్నాను.

"చేతులు ఒత్తాయో లేదో కంటితో చూసి చెప్పగలరా?" అంది డీనమ్మ.

నిజం చెప్పాలి కదా. "చెప్పలేను. ఈ విద్యలో కదలిక చర్మం కిందే ఉంటుంది, కంటికి ఆనదు" అన్నాను. సాయం చెయ్యడానికి వెళ్ళి గొయ్యి తవ్వి వచ్చానేమో అనిపించింది.

తర్వాత ఆ పిల్లని మాట్లాడమన్నారు. లేచి నిలబడింది. ఇంగ్లీషులో అంది గాని, నాకు తెలుగులోనే గుర్తుంది. ముసలాయన వైపు తిరిగి అడిగింది: "డాక్టర్, పరీక్షలో నా చెయ్యి కింద ఏమీ జరగడం లేదని మీరే నన్ను ఫెయిల్ చేశారు. ఇప్పుడు నా చెయ్యి కింద ఏదో జరిగిందని పంపించేస్తామంటున్నారు. రెంటిలో ఏది నిజమో మీరే చెప్పండి. దేనికైనా నేను సిద్ధమే. రెంటికీ కాదు."

ముసలాయన బల్ల మీద చేతులు ఆన్చి, మొహం చిట్లించి లేచాడు. ఈసారి షూ లేసు మాట ఎత్తలేదు. "కంటికి ఆనదు. నా వీపుకి తెలుస్తుంది. పదండి" అన్నాడు.

అందరం పక్కనున్న ల్యాబ్‌లోకి వెళ్ళాం. ఆయన కోటు విప్పి, అంత మనిషీ బల్ల మీద బోర్లా పడుకున్నాడు. పాదాలు బల్ల చివర బయటికి వచ్చాయి. "నా పేషెంట్లకి ఏం చేశావో అదే చెయ్యి. కాని పైకి లెక్కపెట్టు. నీ మనసు ఎక్కడుందో నాకు వినపడాలి" అన్నాడు.

ఆమె చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుంది. ఆయన నడుం మీద పెట్టింది. కళ్ళు మూసుకుంది.

"నూరు" అంది. తెలుగులో.

డీనమ్మ నావంక చూసింది. "అంకెలే" అన్నాను. "నేను సాక్ష్యం."

"తొంభై మూడు... ఎనభై ఆరు... డెబ్బై తొమ్మిది..."

ఆగిపోయింది. నుదురు ముడుచుకుంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఓరి దేవుడా, ఇక్కడ కూడానా! నాలుక చివర్న డెబ్బై రెండు గంతులేస్తోంది. నేను నోరు విప్పితే పరీక్ష పాడవుతుంది. పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల వేళ్ళు మాత్రం ఇసుమంతైనా బిగుసుకోలేదు. ఆమె మొత్తం బుర్ర ఆ ఏడు తీసివేతలో ఇరుక్కుపోయింది, చేతులు అక్కడున్నాయన్న సంగతే మర్చిపోయినట్టుంది. చివరికి "డెబ్బై రెండు!" అంది, పోయిన తాళం చెవి దొరికినంత సంతోషంగా.

అరవై ఐదు, యాభై ఎనిమిది, యాభై ఒకటి. నలభై నాలుగు దాటాక గదిలో ఇంకో చప్పుడు మొదలైంది. ముసలాయన గురక పెడుతున్నాడు.

డీనమ్మ గొంతు సవరించుకుంది. ఒక ప్రొఫెసరు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. ఆ పిల్ల కళ్ళు మూసుకునే రెండు దాకా వచ్చి, ఇంకా తీసెయ్యడానికి లేక, "ఇప్పుడేం చెయ్యాలి?" అన్నట్టు కళ్ళు తెరిచింది. అందరం కాచుకున్నాం. కాసేపటికి ఆయన తన గురక తనే విని లేచాడు. బల్ల అంచున కూర్చున్నాడు. నడుం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మొహం చిట్లించలేదు. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఆయనకీ తెలిసింది.

"ఈ అమ్మాయి ఒత్తలేదు. వెతకలేదు. మనసు నా మీద లేనే లేదు. నేను రాసినదాన్ని ఇంత కచ్చితంగా ఎవరూ చేసి ఉండరు" అన్నాడు. "చెయ్యి తేలిగ్గా వెయ్యండి, తొయ్యకండి, లాక్కండి, కాచుకోండి. మొదటి ఏడాది పిల్లలకి నేను చెప్పే మొదటి పాఠం అది. దాన్నే ఎత్తి రెండో గదిలో పెట్టి, దానికి 'ఏమీ కాదు' అని పేరు పెట్టాను. నా వైద్యాన్ని నా వైద్యంతోనే పోటీకి పెట్టాను."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు మన పెద్దవాళ్ళు. స్టడీ పద్ధతి రాసిన ఆ కాగితం అంతమంది చదివాం. బయటివాడు ఎవడైనా అయితే చెయ్యి వేస్తే అదీ వైద్యమే కదా అనుకునేవాడు. పొద్దస్తమానం ఆ పాఠమే వింటూ బతికే మాకు మాత్రం అది గాలిలా కనిపించకుండా పోయింది.

"అయితే పేషెంట్లకి నయం చేసింది మన వైద్యమే అన్నమాట" అన్నాడు ఇందాక నవ్విన ప్రొఫెసరు, ఓదార్చేటట్టు. ముసలాయన మొహంలో చిన్న ఆశ కనబడింది. అలా రాసుకోవచ్చు. ఓడిపోయిన స్టడీని గెలుపు కింద చూపించడానికి అదొక్క వాక్యం చాలు. అలాంటి వాక్యాలతో నిలబడ్డ ఉద్యోగాలు నేను చూశాను.

ఆ పిల్ల చెయ్యి ఎత్తింది, క్లాసులో ఎత్తినట్టు. "లేదా రెండూ పనిచెయ్యలేదేమో డాక్టర్. నడుం నొప్పులు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కదా. లేకపోతే అంతసేపు ప్రశాంతంగా పడుకోవడమే వాళ్ళకి మందేమో. మూడో వాటా ఒకటి పెట్టి, వాళ్ళకి ఎవరూ చెయ్యే వెయ్యకుండా ఉండాల్సింది. ఈ స్టడీతో ఏదీ తెలీదు."

ఓసి పిచ్చిదానా, ఇప్పుడే కదా మెడ మీద కత్తి తీసింది! మాట్లాడకుండా కూర్చుంటే నీ చేతుల్ని పూజ చేసేవాళ్ళు కదే!

ముసలాయన ఆమెకేసి చూశాడు. ఆయన రిటైర్మెంట్, ఆయన ఇన్నేళ్ళ కోరిక, అన్నీ ఆ బల్ల మీదే ఉన్నాయి. ఆ మొహం చూస్తే నాకు జాలేసింది. చివరికి అన్నాడు: "ఆ వాక్యం నువ్వే రాయి. నా పేపర్లో చివరి పేరాలో అది ఉండాలి. నీ పేరు కూడా." డీనమ్మ వైపు తిరిగి, "ఫిర్యాదు కొట్టెయ్యండి. తప్పు రాసినవాడిది, చేసినదానిది కాదు" అన్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగి, ఆ పిల్లతో, "చేతి పరీక్ష మాత్రం మళ్ళీ ఇవ్వాల్సిందే. అందులో మినహాయింపు లేదు" అన్నాడు.

పేపర్ అచ్చయింది. తేడా కనబడలేదని, ఎందుకు కనబడలేదో కూడా నిజాయితీగా రాశారు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. తప్పు తమ చేత్తో తామే ఒప్పుకుని రాసే పేపర్లకి చప్పట్లుండవు, అలాంటివి నేను చూసినవి తక్కువ. ఆ రోజు ఆ గదిలో గొప్ప పని ఎవరు చేశారని మీరు అడిగితే, ఆ ఇద్దరిలో నేను ఇప్పటికీ తేల్చుకోలేను.

మళ్ళీ పరీక్షకి ఆ పిల్ల నా వీపు మీదే తయారైంది. రోజూ లంచ్ అయ్యాక వచ్చేది. మొదట్లో మళ్ళీ అదే గొడవ. పరీక్ష అనుకోగానే చేతులు రెండూ కర్రలైపోయేవి. "ఏదో కనిపెట్టాలని వెతక్కే తల్లీ, లెక్కపెట్టుకో" అనేదాన్ని. లెక్కపెట్టడం మొదలుపెట్టగానే చేతులు మెత్తబడేవి. అప్పుడు తీరిగ్గా, "ఆంటీ, ఇక్కడ టైట్‌గా ఉంది, కుడివైపు" అనేది. నిజంగా అక్కడే ఉండేది. పరీక్ష రోజు ముసలాయన ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి కాసేపు కాచుకుని, "ఊఁ" అన్నాడట. ఆయన నోట్లోంచి ఊఁ రావడమంటే బంగారు పతకం. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు గట్టెక్కింది గాని, గట్టెక్కింది. ఆయన ఆ వేసవిలోనే రిటైరై అయోవా వెళ్ళిపోయాడు.

తర్వాత నేనూ రిటైరయ్యాను. ఇన్నేళ్ళూ పదిమందికి అద్దెకిచ్చిన వీపు ఈ మధ్య బదులు తీర్చుకుంటోంది. ఫ్రీమాంట్‌లో ఒక క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ బుక్ చేసుకుని మొన్న వెళ్ళాను. లోపలికి వచ్చిన డాక్టర్ అదే పిల్ల. ఇప్పుడు పిల్ల అనకూడదేమో, కోటు మీద పేరు ఉంది, పేరు పక్కన డీవో అని ఉంది. రిసెప్షన్ గోడ మీద వాళ్ళమ్మ చేయించి తగిలించిన ఫ్రేములో ఆ రెండక్షరాలు ఇంకా పెద్దవిగా ఉన్నాయి.

బల్ల మీద బోర్లా పడుకున్నాను. చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకోవడం వినపడింది. నడుం మీద రెండు చేతులు వచ్చి ఆగాయి. తేలిగ్గా.

"ఏమ్మా, నాకు వేసింది ఒరిజినలా, డూప్లికేటా?" అన్నాను.

"ష్, ఆంటీ."

మాట్లాడకుండా పడుకున్నాను. పైన సన్నగా గొణుగుడు వినపడుతోంది. నూరు, తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది. తర్వాత ఏమీ లేదు. కాచుకున్నాను. చేతులు కదల్లేదు, బిగుసుకోలేదు, అలాగే వెచ్చగా ఉన్నాయి. కాని లెక్క ముందుకి పోవడం లేదు.

ఇక్కడ కమిటీ లేదు, డీనమ్మ లేదు. ఆ రోజు పంటి బిగువున ఆపుకున్న మాట దిండులో మొహం పెట్టుకునే చెప్పేశాను.

"డెబ్బై రెండు."